ఉషాహిది: విపత్తు వేళ పటం మీది చుక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

వరదలు, భూకంపాలు, తుపానులు వచ్చినప్పుడు జనం పంపే సందేశాలను పటం మీద సరైన చోట నిలబెట్టే స్వచ్ఛంద బృందాల్లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. పడవలు నడిపేది, శిథిలాలు తవ్వేది వేరేవాళ్లు. వాళ్లు వెళ్లబోయే చోటు నిజంగా అదేనా అని సరిచూసి చెప్పడం నా వంతు. ఈ పనికి నేను అన్నిటికంటే ఎక్కువగా వాడిన సాధనం ఉషాహిది అనే సాఫ్ట్‌వేర్. ఇలాంటి పటం తెరవాలనుకునే బృందాలు మొదట అడిగే ప్రశ్న "దీన్ని నమ్మవచ్చా?" అన్నదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వచ్చిన ప్రతి సందేశాన్నీ సరిచూడటానికి రాత్రింబగళ్లు వంతులు వేసుకుని కూర్చునే మనుషులు మీ దగ్గర ఉంటే నిశ్చింతగా తీసుకోండి. అలాంటివాళ్లు లేకపోతే విపత్తు నడుమ దీన్ని తెరవవద్దు. ఖాళీ పటం కంటే, ఎవరూ సరిచూడని చుక్కలతో నిండిన పటం ఎక్కువ హాని చేస్తుంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఉషాహిది 2008 ఆరంభంలో కెన్యాలో పుట్టింది. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత చెలరేగిన హింసను ఎక్కడికక్కడ నమోదు చేయడానికి ఓరీ ఒకొల్లో, ఎరిక్ హర్స్‌మన్, జూలియానా రోటిచ్, డేవిడ్ కోబియా తదితరులు దీన్ని తయారుచేశారు. జనం ఎస్సెమ్మెస్ ద్వారానో, ఈమెయిల్ ద్వారానో, వెబ్ ఫారం నింపో పంపిన సమాచారం ఒకచోట చేరుతుంది. అందులో స్థానం ఉంటే పటం మీద చుక్కగా కనిపిస్తుంది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు, లేదా ఉషాహిది సంస్థ సర్వర్‌లోనే నడుపుకోవచ్చు. ఫారంలో ఏయే ప్రశ్నలు ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు. నా దృష్టిలో ఈ సాధనానికి ఉన్న అతి పెద్ద బలం ఈ చివరిదే. చాలామంది దాన్ని వాడుకోరు.

ప్రకృతి విపత్తుల్లో దీనికి పేరు తెచ్చింది హైతీ. 2010 జనవరి 12న 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న పాట్రిక్ మేయర్, తోటి విద్యార్థులు కలిసి పటం తెరిచారు. 4636 అనే పొట్టి నంబరుకు హైతీ వాసులు ఉచితంగా సందేశాలు పంపే ఏర్పాటు జరిగింది. క్రియోల్ భాషలో వచ్చిన ఆ సందేశాలను వివిధ దేశాల్లో స్థిరపడిన హైతీయులు అనువదించారు. చోటు ఆనవాలు పట్టింది కూడా చాలావరకు వాళ్లే. ఇక్కడ తరచుగా మరుగున పడే సంగతి ఒకటుంది. భూకంపం వచ్చేనాటికి, ఎవరైనా గీసి చేర్చగలిగే ఉచిత ఆన్‌లైన్ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో హైతీ రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ నగరానికి పెద్ద రోడ్లు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఉపగ్రహ చిత్రాలు చూస్తూ వాలంటీర్లు రోజుల వ్యవధిలో వీధులు గీశారు. సందేశంలో వీధి పేరు ఉంటే చాలదు, ఆ వీధి పటంలోనూ ఉండాలి కదా! అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా అధిపతి క్రెయిగ్ ఫ్యూగేట్ అప్పట్లో ఈ పటాన్ని బహిరంగంగా మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఉషాహిదికి ఎంత చెందుతుందో, వీధులు గీసినవాళ్లకూ క్రియోల్ చదివినవాళ్లకూ అంతే చెందుతుంది.

ఆ తర్వాత జరిగిన వాదన నాకు అంతకంటే ముఖ్యం. సందేశాలు ఎక్కడ గుమిగూడితే అక్కడ భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయని, అంటే సందేశాల సాంద్రతను చూసి నష్టాన్ని అంచనా వేయవచ్చని, ఐరోపా కమిషన్‌కు చెందిన ఉమ్మడి పరిశోధన కేంద్రం ఒక విశ్లేషణలో సూచించింది. బెనెటెక్ సంస్థకు చెందిన గణాంకవేత్తలు దాన్ని మళ్లీ లెక్కగట్టి కాదన్నారు. భవనాలు ఎక్కువ ఉన్నచోట కూలినవీ ఎక్కువే ఉంటాయి, సందేశాలు పంపేవాళ్లూ ఎక్కువే ఉంటారు. భవనాల సంఖ్యను లెక్కలోకి తీసుకున్నాక చూస్తే సందేశాల వల్ల నష్టం గురించి కొత్తగా ఏమీ తెలియడం లేదు సరికదా, సంబంధం కాస్త తిరగబడింది కూడా. అంటే విడివిడిగా ప్రతి సందేశమూ నిజమే కావచ్చు, అయినా వాటన్నిటినీ కలిపి చూసి మనం తీసుకునే నిర్ణయం తప్పు కావచ్చు. నమ్మకం గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది అబద్ధపు సందేశాల గురించే భయపడతారు. నా భయం నిజమైన సందేశాల గుంపు గురించి.

అందుకే ఉషాహిది పటంలో నాకు మింగుడుపడనిది ఆ అంకెల వలయం. పటాన్ని దూరం నుంచి చూసినప్పుడు దగ్గర దగ్గరగా ఉన్న చుక్కలు కలిసిపోయి, లోపల అంకె ఉన్న వలయంగా మారతాయి. చూసేవారి కన్ను పెద్ద అంకె మీదికే పోతుంది. అక్కడే అవసరం ఎక్కువ ఉందనుకుంటారు. నిజానికి ఆ అంకె చెప్పేది అక్కడ ఛార్జింగ్ ఉన్న ఫోన్లు, పనిచేస్తున్న టవర్లు ఎక్కువ ఉన్నాయని. 2012 అక్టోబరులో శాండీ తుపాను అమెరికా తూర్పు తీరాన్ని తాకినప్పుడు ట్వీట్లలో అత్యధికం న్యూయార్క్ నగరంలోని మన్‌హాటన్ నుంచి వచ్చాయి. ఎక్కువగా దెబ్బతిన్న, అదే నగరంలోని రాకవే, కోనీ ఐలాండ్, బ్రీజీ పాయింట్ వంటి చోట్ల నుంచి వచ్చినవి చాలా తక్కువ. భూకంపాల్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. భూకంపం పుట్టిన చోటికి చుట్టూ దట్టంగా సందేశాలు, నట్టనడుమ మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఉన్నవాళ్లకు ఫోను తీసే స్థితి ఉండదు. ఐరోపా మధ్యధరా భూకంప కేంద్రంలో రెమీ బోసు బృందం ఈ మౌనాన్నే ఒక సంకేతంగా చదవడానికి చాలా కృషి చేసింది. ఉషాహిది పటంలో మౌనాన్ని చూపే మార్గమేదీ లేదు. నేను పక్కన ఇంకో పటం పెట్టుకుంటాను: మామూలు రోజుల్లో ఎక్కడ ఎంతమంది ఉంటారో తెలిపే జనాభా పటం. జనం ఉండీ సందేశాలు రాని చోట్లను విడిగా రాసి, రక్షణ బృందానికి మొదట ఆ జాబితానే పంపుతాను.

ఇక ఒక్కో చుక్క సంగతి. సరిచూసేవారు మొదట నేర్చుకోవలసింది ఏమిటంటే, ఒక సందేశంలో మూడు చోట్లు ఉంటాయి. సందేశం పంపిన మనిషి ఉన్న చోటు ఒకటి, ఆపద ఉన్న చోటు ఒకటి, పటం మీద పిన్ పడిన చోటు ఒకటి. ఈ మూడూ ఒకటే అయ్యే సందేశాలు మనం అనుకున్నంత ఎక్కువగా ఉండవు. వేరే నగరంలో ఉన్న కూతురు తల్లిదండ్రుల కోసం ఫారం నింపుతుంది. ఫోను అడిగిన వెంటనే "నా స్థానం" అన్న మీట నొక్కుతుంది. చిరునామా గడిలో ఒక ఊరు, పిన్ దగ్గర మరో ఊరు. ఆమె రాసినది ముమ్మాటికీ నిజం. పటం మీద పడినది ముమ్మాటికీ తప్పు. రాతలో ఉన్న చోటు, పిన్ ఉన్న చోటు కలవకపోతే నేను ఎప్పుడూ రాతనే నమ్ముతాను, ఎందుకంటే రాసేటప్పుడు మనిషి ఆలోచించి ఉంటుంది.

ఫోను చెప్పే స్థానం విషయానికొస్తే, ఆరుబయట ఆకాశం బాగా కనిపిస్తుంటే జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చెబుతుంది. ఎత్తైన భవనాల మధ్య, ఇంటి లోపల, కాంక్రీటు కప్పుల కింద అలా ఉండదు. ఉపగ్రహాలు అందనప్పుడు ఫోను చుట్టుపక్కల వైఫై సంకేతాలను చూసో, టవర్లను చూసో అంచనా వేస్తుంది. టవరును బట్టి వేసిన అంచనా వందల మీటర్లు, ఒక్కోసారి కిలోమీటర్లు కూడా తప్పవచ్చు. ఫోనులోని మ్యాప్‌లో మన చుక్క చుట్టూ లేత నీలి వలయం కనిపిస్తుంది కదా, అది ఈ అనిశ్చితిని చూపడానికే. ఆ స్థానాన్ని ఫారంలోకి ఎక్కించినప్పుడు మిగిలేవి అక్షాంశం, రేఖాంశం మాత్రమే. వలయం పోతుంది. 5 మీటర్ల చుక్క, 2 కిలోమీటర్ల చుక్క పటం మీద ఒకే పరిమాణంలో, ఒకే రంగులో కూర్చుంటాయి. ఈ ఒక్క లోపం సరిదిద్దితే నా పని సగం తగ్గుతుంది.

పిన్ ఎలా వచ్చిందో చెప్పే చిన్న చిన్న ఆనవాళ్లు ఉంటాయి, కాస్త అలవాటైతే కంటికి ఆనతాయి. సంబంధం లేని అనేక సందేశాలు దశాంశాలతో సహా ఒకే బిందువు మీద పడి ఉంటే, అందరూ ఒకే ఇంట్లో ఉన్నారని కాదు. ఊరి పేరు మాత్రమే రాశారు, కంప్యూటర్ ఊరి మధ్యలో పిన్ గుచ్చింది. చుక్క గినియా సింధుశాఖలో, నడిసముద్రంలో ఉంటే స్థానం రానేలేదని అర్థం. అక్షాంశం 0, రేఖాంశం 0 కలిసేది అక్కడే. రెండు అంకెలు తారుమారైతే చుక్క ఇంకో ఖండంలో తేలవచ్చు. మనుషులు అక్షాంశం ముందు రాస్తారు, పటాల సమాచారం దాచే జియోజేసన్ వంటి ఫైళ్లు రేఖాంశం ముందు రాస్తాయి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు ఈ తప్పు దొర్లుతుంది. డిగ్రీల కింద 30 నిమిషాలు అని ఉన్నదాన్ని .30 అని టైపు చేయడం మరో రకం. 30 నిమిషాలంటే అర డిగ్రీ, అంటే .50. ఆ తేడా అక్షాంశంలో 22 కిలోమీటర్లు! దశాంశం తర్వాత రెండే అంకెలు ఉంటే ఆ చోటును ఇంచుమించు ఒక కిలోమీటరు గడిగా చూడాలి. అయిదు అంకెలుంటే ఒక మీటరు. అయితే ఆరేడు అంకెలు కనిపించగానే ఖచ్చితమైనదని మురిసిపోకూడదు. వేలితో అటూ ఇటూ జరిపి గుచ్చిన పిన్‌కీ అన్ని అంకెలు వస్తాయి.

అంకెలు ఉన్న మాట నిజమనిపించడం మనిషి బలహీనత. శాండీ తుపాను రాత్రి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ లోపల 3 అడుగుల నీళ్లు నిలిచాయని ఒక ట్వీట్ వచ్చింది. భవనం పేరు ఉంది, నీటి లోతు ఉంది. టీవీ వార్తల దాకా వెళ్లింది. అది పచ్చి అబద్ధం. ఆ అడుగుల లెక్కే లేకపోతే అంత తేలిగ్గా నమ్మి ఉండేవారు కాదని నా ఊహ.

పదిమంది చెప్పారు కాబట్టి నిజమే అన్న వాదన కూడా జాగ్రత్తగా చూడాలి. ఒకే సందేశాన్ని పదిమంది ముందుకు పంపితే సాక్షి ఒక్కరే. మాటలు, అక్షరదోషాలు, విరామచిహ్నాలు కూడా ఒకేలా ఉంటే అది ప్రతి మాత్రమే. నాకు కావలసింది వేరు వేరు మాటల్లో, వేరు వేరు వైపుల నుంచి చూసినవాళ్ల సమాచారం. ఒకరు వంతెన ఎగువ నుంచి, ఇంకొకరు దిగువ నుంచి ఫొటో తీసి పంపారనుకోండి, ఇద్దరివీ పొసిగితే నా పని దాదాపు అయిపోయినట్టే. నిప్పు లేనిదే పొగ రాదని ఊరుకోవడానికి లేదు కానీ, ఆ మాటను అనుమానించి ప్రశ్నించినవాళ్లు చెప్పేది మాత్రం వినాలి. 2010 ఫిబ్రవరి 27న చిలీలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చాక ట్విటర్‌లో తిరిగిన సమాచారాన్ని మెండోసా, పోబ్లెటె, కాస్టిల్లో అనే పరిశోధకులు పరిశీలించారు. నిజమైన వార్తల కంటే పుకార్లను జనం ఎక్కువగా ప్రశ్నించారని తేల్చారు. అందువల్ల "నిజమా?", "ఎవరు చూశారు?" అన్న జవాబులు ఎక్కువగా ఉన్న సమాచారాన్ని నేను పక్కన పెట్టి ముందుగా సరిచూస్తాను.

ఉషాహిది పాత రూపంలో ప్రతి నివేదికకూ రెండు విడివిడి గుర్తులు ఉండేవి: ప్రచురించడానికి ఆమోదం ఒకటి, నిజమని ధ్రువీకరణ ఒకటి. నాకు అది చాలా నచ్చేది. ప్రచురించామంటే ధ్రువీకరించినట్టు కాదని చూసేవారికి తెలిసేది. చూసేవాళ్లు నమ్మకం మీద ఓటు వేసే బాణాలు కూడా ఉండేవి, వాటిని మాత్రం నేను ఎన్నడూ పట్టించుకోలేదు. అక్కడ లేని మనిషి వేసిన ఓటుకు విలువ ఏముంటుంది? కొత్త రూపంలో నివేదిక పరిశీలనలో ఉందా, ప్రచురితమైందా, భద్రపరిచారా అన్న స్థితులు ఉన్నాయి. ధ్రువీకరణను పని మెట్లుగా మనమే చేర్చుకోవాలి. చేర్చుకోవచ్చు, కానీ హడావిడిలో తెరిచేవాళ్లు చేర్చుకోరు. ఒక పటంలో నేను ఆలస్యంగా చేరాను. నడిపేవాళ్ల ఉద్దేశం మంచిదే. సరిచూసే మెట్టే పెట్టలేదు. వచ్చిందల్లా నేరుగా పటం మీద పడేది. రక్షణ పొందినవారి చుక్కలూ, ఇంకా కప్పుల మీద ఉన్నవారి చుక్కలూ పక్కపక్కనే ఉండేవి. తోడి స్వచ్ఛంద సేవకులు ఆ ఒక్కో చుక్కకూ ఫోను చేస్తూ తెల్లవారుజాము దాకా కూర్చున్నారు.

ఫోను చేయడానికి మించిన సరిచూపు లేదు. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం తర్వాత కాఠ్‌మాండూ లివింగ్ ల్యాబ్స్ బృందం ఉషాహిది మీదే క్వేక్‌మ్యాప్ తెరిచింది. పంపినవారికి తిరిగి ఫోను చేసి కనుక్కునే మనుషులను కూర్చోబెట్టడం వల్లే ఆ పటం పనికొచ్చిందని నా నమ్మకం. ఫోనులో ఎలా అడగాలన్నది కూడా ఒక విద్య. "నీళ్లు నడుము దాకా వచ్చాయా?" అంటే భయంలో ఉన్న మనిషి అవునంటుంది. "గడపకు ఎంత పైన ఉన్నాయి?" అనాలి. "ఇప్పుడు మీ కళ్లకు ఏమి కనిపిస్తోంది?" అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. అక్కడ ఉన్న మనిషి వెంటనే చెబుతుంది, లేని మనిషి ఆగిపోతుంది. ఆగిపోయినవారిని తప్పుబట్టకుండా, అక్కడ ఉన్నవారి నంబరు అడిగి తీసుకోవాలి. మాట క్లుప్తంగా ముగించాలి. అవతలి ఫోనులో ఛార్జింగ్ వాళ్ల ప్రాణంతో సమానం.

పోల్చి చూడాల్సిన సేవలు రెండున్నాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ నడిపే "డిడ్ యు ఫీల్ ఇట్" భూకంపం తెలిసినవాళ్లను ప్రశ్నలు అడిగి తీవ్రత పటం గీస్తుంది. "ఎంత తీవ్రంగా ఉంది?" అని మాత్రమే అడిగి ఊరుకోదు. వస్తువులు పడ్డాయా, నిద్ర లేచారా, నిలబడటం కష్టమైందా అని కూడా అడుగుతుంది. అంచనా వేసే పని తనే చేసుకుంటుంది. 2011 ఆగస్టు 23న వర్జీనియాలో 5.8 తీవ్రత భూకంపానికి 1,40,000కు పైగా జవాబులు వచ్చాయి. వాటిలో కొన్ని తప్పులున్నా ప్రాంతాలవారీ సగటులో కరిగిపోతాయి. నాకు ఆ సౌకర్యం లేదు. కప్పు మీద చిక్కుకున్న కుటుంబానికి సగటు ఉండదు. ఇండోనేసియాలోని పెటాబెంచానా ఇంకో దారి పట్టింది. వరద గురించి ఎవరైనా రాస్తే బాట్ (తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రాం) వెంటనే పలకరించి, పిన్‌ను వాళ్ల చేతే పెట్టిస్తుంది, నీటి లోతును వాళ్ల చేతే చూపిస్తుంది. పాతబడిన నివేదికలు పటం నుంచి వాటంతట అవే తొలగిపోతాయి. ప్రభుత్వం ప్రకటించిన ముంపు ప్రాంతాలు విడిగా రంగుల్లో కనిపిస్తాయి. ఒక్క వరద కోసమే అయితే ఆ పద్ధతికే నా ఓటు. ఆహారం, మందులు, తప్పిపోయినవారు, కూలిన వంతెన, అన్నీ కలిసి వచ్చే చోట మాత్రం ఉషాహిదికి ఉన్న వెసులుబాటు దానికి లేదు.

తెరవాలనుకునేవారు ప్రచురణకు ముందు పరిశీలన తప్పనిసరి చేసే ఏర్పాటును, ఖచ్చితమైన స్థానాన్ని బయటివారికి చూపకుండా దాచే ఏర్పాటును మొదటి రోజే వాడుకోవాలి. ఖాళీ చేసిన ఇళ్లు ఏవో, ఒంటరిగా ఎవరున్నారో లోకానికంతా చూపనక్కరలేదు. ధ్రువీకరణలో అన్ని సమాచారాలకూ ఒకే కొలబద్ద పెట్టకండి. శిథిలాల కింద గొంతు వినిపిస్తోందంటే అనుమానం ఉన్నా బృందాన్ని పంపండి, పోయేది కాస్త సమయం. "రోడ్డు మూసుకుపోయింది" అన్నది సగం తెలిసినా పటం మీద పెట్టవచ్చు, తప్పైతే చుట్టుదారి పట్టడమే నష్టం. "రోడ్డు తెరిచి ఉంది" అన్నదాన్ని మాత్రం ఇప్పుడే దాటి వచ్చిన మనిషి నోటి నుంచి వినేదాకా నేను పెట్టను. దాన్ని నమ్మి చీకట్లో అంబులెన్స్ బయలుదేరుతుంది.

ఉషాహిది బృందానికి నా విన్నపం రెండే. ఫోను ఇచ్చిన అనిశ్చితిని చుక్కతో పాటు నమోదు చేసి, వలయంగా చూపండి. గంటలు గడిచే కొద్దీ, ఎవరూ మళ్లీ ధ్రువీకరించని చుక్క రంగు వెలిసిపోయేలా చేయండి. అవి వచ్చేదాకా నేను తయారుచేసే ప్రతి ఫారంలోనూ పేరు కంటే ముందు మూడు ప్రశ్నలు ఉంటాయి: మీరు అక్కడే ఉన్నారా, చివరిసారి ఎప్పుడు చూశారు, ఈ స్థానం మీకు ఎలా తెలిసింది.